వేడెక్కాక వణికే పాత మియాటా: ఎయిర్‌ఫ్లో మీటర్ కొనే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. పోయిన వేసవిలో 1992 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను. 1.6 లీటర్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, ఏసీ ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం 600, 650 ఆర్‌పీఎంకి పడిపోయి స్టీరింగు, అద్దం వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఆగిపోయినంత పని చేస్తుంది. ఒక్కోసారి దానంతటదే 1000కీ 1800కీ మధ్య ఊగుతుంది. రోడ్డెక్కాక ఏ లోపమూ లేదు. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. ప్లగ్గులు కొత్తవి వేశాను. థ్రాటిల్ దగ్గర ఒక స్క్రూ కూడా తిప్పి చూశాను, లాభం లేదు. గ్యారేజీలో ఎయిర్‌ఫ్లో మీటర్ మార్చాలంటున్నారు. మార్చించమంటారా?

సమాధానం: వద్దండీ. కనీసం ఇప్పుడే వద్దు. ఆ మీటర్ పాడైతే ఐడిల్ (కాలు తీసేసినప్పుడు ఇంజన్ ఊరికే తిరిగే వేగం) ఒక్కటే చెడి ఊరుకోదు. ఎక్సలేటర్ నొక్కినప్పుడు తడబాటు వస్తుంది, ఒక చోట లాగుడు పోతుంది, రోడ్డు మీద కూడా తెలిసిపోతుంది. మీ బండి రోడ్డు మీద బాగుందన్నారు కాబట్టి అనుమానితుల్లో దాన్ని చివరన పెట్టండి. ముందు చూడాల్సింది దొంగతనంగా లోపలికి వచ్చే గాలి, ఆ తర్వాత ప్లగ్ వైర్లు, ఆ తర్వాత థ్రాటిల్ బాడీ (ఎక్సలేటర్ నొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) కింద ఉండే ఐడిల్ వాల్వు. ఐడిల్ స్క్రూ తిప్పడం వీటన్నిటి తర్వాత చేసే పని. అది ముందే చేస్తే అసలు లోపం మరుగున పడిపోతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక చెడటానికి కారణముంది. చల్లని ఇంజన్‌కి కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. థ్రాటిల్ కింద మైనంతో పనిచేసే చిన్న వాల్వు ఒకటి అదనపు గాలి కూడా ఇస్తుంది. ఎక్కడో చిన్న పగులుండి గాలి లీకవుతున్నా, పెట్రోల్ ఎక్కువగా ఉండటం వల్ల అది బయటపడదు. వేడెక్కాక ఆ రెండు సాయాలూ పోతాయి. మీ 1.6లో ఎయిర్‌ఫ్లో మీటర్ అంటే గాలి తోస్తే తెరుచుకునే ఒక రేకు తలుపు. అది ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటర్ పెట్రోల్ లెక్క కడుతుంది. మీటర్ దాటాక ఏ సందులోంచి గాలి వచ్చినా అది లెక్కలోకి రాదు. పెట్రోల్ చాలదు, ఇంజన్ మిస్ కొడుతుంది. రోడ్డు మీద థ్రాటిల్ తెరిచి ఉన్నప్పుడు లోపలికి పోయే గాలి చాలా ఎక్కువ, దాని ముందు ఈ లీకు లెక్కలోకి రాదు. అందుకే నడుస్తున్నప్పుడు మీకు ఏమీ తెలియడం లేదు.

ఆ ఊగుడు సంగతి వేరు. వాల్వు ఇరుక్కునో, లీకు వల్లో అదనపు గాలి వచ్చి ఆర్‌పీఎం పైకి పోతుంది. మీరు కాలు తీసేసి ఉన్నారని థ్రాటిల్ సెన్సర్‌లోని ఐడిల్ స్విచ్ చెబుతూ ఉంటుంది. బండి దిగుడులో దొర్లుతోందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడగానే మళ్లీ పోస్తుంది, మళ్లీ పైకి పోతుంది. ఇదే ఆ ఊగుడు. కాబట్టి ఊగుతోందంటే ఎక్కడో గాలి ఎక్కువవుతోందని అర్థం. అది కూడా ఎయిర్‌ఫ్లో మీటర్ చేసే పని కాదు.

ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. లైటు వెలగకపోయినా పాత కోడ్లు లోపల ఉండిపోవచ్చు. ఇంజన్ గదిలో డ్రైవర్ వైపు, వెనక గోడకు దగ్గరగా, మూత మీద డయాగ్నోసిస్ అని రాసి ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. మూత లోపలి వైపు ఏ రంధ్రం ఏమిటో రాసి ఉంటుంది. ఇంజన్ ఆపి ఉండగా టీఈఎన్, జీఎన్‌డీ అనే రెంటినీ చిన్న వైరు ముక్కతో కలిపి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకూ తిప్పండి. చెక్ ఇంజన్ లైటు మెరుస్తుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. 08 వస్తే ఎయిర్‌ఫ్లో మీటర్, 09 కూలెంట్ సెన్సర్, 34 ఐడిల్ వాల్వు. 08 వస్తేనే మీ గ్యారేజీవాళ్ల మాట గురించి ఆలోచించండి. అది వచ్చినా ముందు కనెక్టర్ తీసి పిన్నులు చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు ఆ లైటు అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండొచ్చు. అప్పుడు లైటు రాలేదు కాబట్టి లోపం లేదనుకోవడానికి వీల్లేదు.

ఇక గాలి లీకులు. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎయిర్‌ఫ్లో మీటర్ నుంచి ఇంజన్ ముందుగా అడ్డంగా వెళ్లి థ్రాటిల్ బాడీకి కలిసే లావుపాటి పైపు ఉంది కదా, దాని రబ్బరు భాగాల్లో మడతలుంటాయి. ముప్పై ఏళ్ల వేడికి ఆ మడతల లోయల్లో పగుళ్లు వస్తాయి. పైనుంచి చూస్తే కనిపించవు. క్లాంపులు వదులు చేసి పైపు బయటికి తీయండి. రబ్బరును వంచి, సాగదీసి, అడుగు వైపు వెలుతురుకు పెట్టి చూడండి. వంచితే తెరుచుకుని, వదిలేస్తే మూసుకునే గీత ఉంటే అదే పగులు. ఇంజన్ వణికినప్పుడల్లా ఆ గీత తెరుచుకుంటుంది. టేపు చుట్టి సరిపెట్టకండి. కొత్త రబ్బరు వేయండి. బిగించేటప్పుడు రబ్బరు అంచు గొట్టం మీద అంతటా సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోండి.

తర్వాత ఆయిల్ మూత, డిప్‌స్టిక్. వీటికీ ఐడిల్‌కీ సంబంధమేమిటని చాలామంది వదిలేస్తారు. పీసీవీ వాల్వు ద్వారా ఇంజన్ కడుపులోని గాలి కూడా ఇన్‌టేక్‌లోకే, అంటే సిలిండర్లకు గాలి పోయే దారిలోకే పోతుంది. కాబట్టి ఆయిల్ మూత రబ్బరు గట్టిపడినా, డిప్‌స్టిక్ మీది చిన్న ఓ-రింగు తెగినా అది గాలి లీకే. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి. ఐడిల్ వెంటనే తడబడాలి. తేడా ఏమీ రాకపోతే గాలి అప్పటికే ఇంకెక్కడి నుంచో వస్తోందని, లేదా పీసీవీ వాల్వు మూసుకుపోయిందని అనుమానించండి. వాల్వు బయటికి లాగి ఊపితే లోపల గలగలమనాలి. అది కూర్చునే రబ్బరు రింగు రాయిలా గట్టిపడి ఉంటే వాల్వుతో పాటు దాన్నీ మార్చేయండి.

ఇన్‌టేక్ మీంచి పోయే సన్న గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా చివరలు లాగి చూడండి. బ్రేక్ బూస్టర్‌ది, పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్‌ది, చార్‌కోల్ డబ్బాకి పోయేది, ఏదైనా సరే చివర వదులైతే ఓ సెంటీమీటరు కోసి మళ్లీ తొడగవచ్చు. గట్టిపడిపోతే మార్చాల్సిందే. ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు, ఇన్‌టేక్ గాస్కెట్ మిగులుతాయి. వీటికి స్మోక్ మెషీన్ (పొగ వదిలి లీకు ఎక్కడుందో చూపించేది) ఉన్న గ్యారేజీ అయితే పని తేలిక. ఇంట్లో చేసుకునేవాళ్లు కార్బ్ క్లీనర్‌ని అనుమానమున్న చోట కొద్దిగా చిమ్మి ఆర్‌పీఎం పెరుగుతుందేమో చూస్తారు. అది మండే ద్రవం. ప్లగ్ వైర్లు నిప్పురవ్వలు కొట్టడం లేదని తేల్చుకున్నాకే ఆ పని చేయండి. వేడి ఎగ్జాస్ట్ వైపు అసలు చిమ్మకండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

వాక్యూమ్ గేజు ఉంటే ఇన్‌టేక్‌కి తగిలించండి. వేడి ఇంజన్ ఐడిల్‌లో 18 నుంచి 21 అంగుళాల దగ్గర ముల్లు కదలకుండా నిలవాలి. నిలకడగానే ఉండి తక్కువ చూపిస్తే గాలి లీకో, టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) తేడానో. ముల్లు లయగా కొట్టుకుంటే ఏదో ఒక సిలిండర్ పనిచేయడం లేదు.

ప్లగ్గులు కొత్తవి వేశానన్నారు, వైర్లు మార్చారో లేదో రాయలేదు. ఈ ఇంజన్లలో ముందు చెడేవి వైర్లే. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, ఐడిల్‌లో ఉండగా వైర్ల మీద నీళ్లు మంచులా చిమ్మి చూడండి. నీలంగా మెరుపులు కనిపిస్తే ఆ సెట్టు పనికిరాదు. ప్లగ్గు బావుల్లో ఆయిల్ ఉందేమో కూడా చూడండి. ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోంది. ఆయిల్‌లో నానిన రబ్బరు బూటు మెత్తబడి కరెంటు పక్కకు పోతుంది. గాస్కెట్ మార్చేటప్పుడు కవర్ బోల్టులకు 5 నుంచి 9 న్యూటన్ మీటర్లు చాలు, అంతకు మించి బిగిస్తే మళ్లీ కారుతుంది. ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11 అయితే గ్యాప్ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు. కొత్తవైనా కొలిచి వేయాలి.

ఏ సిలిండర్ మందంగా ఉందో తెలియాలంటే ఐడిల్‌లో ఇంజెక్టర్ కనెక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి తీసి పెట్టండి. బాగున్న సిలిండర్‌ది తీస్తే ఆర్‌పీఎం స్పష్టంగా పడుతుంది. పడకపోతే లోపం అక్కడుంది. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరు మాత్రం లాగకండి. షాక్ కొడుతుంది, దారి దొరకని కరెంటు ఇగ్నైటర్‌ని దెబ్బతీస్తుంది, మండని పెట్రోల్ కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు రెండు. ఒకటి 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3 సిలిండర్లకు ఇస్తుంది. అలాంటి జత రెండూ కలిసి మందంగా ఉంటే కాయిల్‌ని, ఒక్కటే ఉంటే దాని వైరు, ప్లగ్గు, ఇంజెక్టర్లను చూడండి. ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య 12 నుంచి 16 ఓమ్‌లు రావాలి.

ఏసీ వేయగానే పడిపోతోందంటే ఐడిల్ వాల్వు మీద అనుమానం గట్టిపడుతుంది. ఏసీ కంప్రెసర్ బరువు పడగానే కంప్యూటర్ ఆ వాల్వుని ఇంకొంచెం తెరిచి ఆర్‌పీఎం నిలబెట్టాలి. కార్బన్ పట్టి అది బిగుసుకుంటే నిలబెట్టలేదు. వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా వాల్వు కనెక్టర్ తీయండి. ఆర్‌పీఎం పడాలి, పెడితే మళ్లీ లేవాలి. ఏ మార్పూ లేకపోతే ఇంజన్ ఆపి వాల్వు కాయిల్ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు 11, 12 ఓమ్‌ల దగ్గర ఉంటే కాయిల్ బాగుంది, లోపలే ఇరుక్కుంది. దాన్ని పైపైన చిమ్మి శుభ్రం చేయలేరు. థ్రాటిల్ బాడీ మొత్తం దించాలి. దాని కింద రెండు కూలెంట్ గొట్టాలుంటాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీసి, కారకుండా వాటిని బిగించి ఉంచండి. వాల్వును పట్టి ఉంచే స్క్రూలు జపాన్ కొలతవి, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జారి తలలు అరిగిపోతాయి. జేఐఎస్ అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్ కొని, ముందు తలమీద సుత్తితో మెల్లగా ఒక దెబ్బ కొట్టి, అప్పుడు తిప్పండి. లోపలి మసి క్లీనర్‌తో, మెత్తని బ్రష్‌తో పోగొట్టండి. కాయిల్ భాగం క్లీనర్‌లో నానకూడదు. రెండు గాస్కెట్లూ కొత్తవి వేయండి.

థ్రాటిల్ లోపలి గొట్టం, ప్లేటు అంచు దగ్గర ఒక జాగ్రత్త. అక్కడ మాజ్డావాళ్లు గాలి ఆపడానికి పల్చని పూత పూశారు. నల్లగా మసిలాగే కనిపిస్తుంది. దాన్ని మసి అనుకుని గీకితే ప్లేటు అంచున సందు పడి ఐడిల్ ఇక దిగనే దిగదు. గుడ్డతో తుడవడం వరకే.

మళ్లీ బిగించాక కూలెంట్ నిండా పోసి లోపల గాలి లేకుండా చేయండి. ఆ మైనపు వాల్వుకు వేడి అందేది కూలెంట్ వల్లే. కూలెంట్ తక్కువైతే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అది తెరిచే ఉంచుతుంది. అప్పుడు మీ అప్పుడప్పటి ఊగుడు మళ్లీ వస్తుంది. ఊగుడు వచ్చిన రోజు రేడియేటర్ మట్టం ఎలా ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మీరు తిప్పిన స్క్రూ సంగతి. థ్రాటిల్ దగ్గర స్క్రూలు రెండు. పైన రబ్బరు మూత కింద ఉండేది గాలి స్క్రూ. అది తిప్పడానికే ఉంది. థ్రాటిల్ లివర్ ఆనుకునేది స్టాప్ స్క్రూ. దాన్ని ఫ్యాక్టరీలో పెట్టినట్టే వదిలేయాలి. తిప్పింది మొదటిదే అయితే చింత లేదు. రెండోదైతే ఐడిల్ స్విచ్ లెక్క తప్పి, కాలు తీసినా తీయలేదని కంప్యూటర్ అనుకుంటూ ఉండొచ్చు. ఎక్సలేటర్ కేబుల్‌కి 1 నుంచి 3 మిల్లీమీటర్ల సడలింపు ఉందో లేదో చూసుకోండి. స్టాప్ స్క్రూ పూర్తిగా వెనక్కి తీసి, లివర్‌ని తాకేదాకా మళ్లీ ముందుకు తిప్పండి. ప్లేటు గొట్టంలో పట్టేయకుండా ఉండటానికి ఆపైన పిసరంత చాలు.

తర్వాత సెన్సర్. మీ మాన్యువల్ గేర్ల బండిలో అది కేవలం స్విచ్. స్టాప్ స్క్రూకీ లివర్‌కీ మధ్య 0.4 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు (సందు కొలిచే పల్చని రేకు) పెడితే ఐడిల్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్ మోగాలి. 0.7 పెడితే మోగకూడదు. రెండు స్క్రూలు వదులు చేసి, ఆ రెండూ కుదిరేదాకా సెన్సర్‌ని జరిపి బిగించండి. బిగించేటప్పుడు కదిలిపోతుంది, కాబట్టి బిగించాక రెండు రేకులూ మళ్లీ పెట్టి చూడాలి.

ఇవన్నీ అయ్యాకే ఐడిల్ పెట్టడం. ఇంజన్ బాగా వేడెక్కాలి. లైట్లు, బ్లోయర్, ఏసీ ఆపి ఉండాలి, రేడియేటర్ ఫ్యాను తిరగని సమయం చూసుకోవాలి. మళ్లీ టీఈఎన్, జీఎన్‌డీ కలపండి. అలా కలిపితేనే కంప్యూటర్ తన సర్దుబాట్లు ఆపుతుంది. కలపకుండా గాలి స్క్రూ తిప్పితే మీరొకవైపు, కంప్యూటర్ ఇంకోవైపు లాగుతారు. అప్పటికి కుదిరినట్టే ఉండి మర్నాటికి చెడుతుంది. చాలా బండ్లలో అదే జరుగుతోంది. ఒకటో సిలిండర్ వైరుకి టైమింగ్ లైటు తగిలించి ముందు టైమింగ్ చూడండి. 10 డిగ్రీలు, ఒక డిగ్రీ అటూ ఇటూ. తేడా ఉంటే ఇంజన్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు 12 స్పానర్‌తో వదులు చేసి పిసరంత తిప్పండి. లాగుడు కోసం 14 డిగ్రీలు పెట్టుకునేవాళ్లున్నారు. మీరు మాత్రం ఐడిల్ కుదిరేదాకా, అదీ టెక్సస్ ఎండల్లో, 10 దాటకండి. ఆ తర్వాత గాలి స్క్రూతో 850 పెట్టండి. 50 అటూ ఇటూ పర్వాలేదు. కుడివైపు తిప్పితే తగ్గుతుంది. డాష్‌బోర్డు మీటర్‌ని నమ్మకండి, అదే పెట్టెలోని ఐజీ మైనస్‌కి టాకోమీటర్ తగిలించి కొలవండి. స్క్రూ పూర్తిగా మూసినా 850 కిందికి దిగకపోతే గాలి ఇంకా ఎక్కడి నుంచో వస్తోంది. మళ్లీ లీకుల దగ్గరికి వెళ్లాలి. పని అవగానే వైరు ముక్క తీసేయడం మర్చిపోకండి.

అయినా వణుకు తగ్గకపోతే కొలతలు తీయండి. కూలెంట్ సెన్సర్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 0.29 నుంచి 0.35 చూపించాలి. పెట్రోల్ ప్రెషర్ ఐడిల్‌లో 30 నుంచి 38 పీఎస్‌ఐ, రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీస్తే 38 నుంచి 46. తీసిన ఆ గొట్టంలో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ పోయినట్టే. కంప్రెషన్ కొత్త ఇంజన్‌కి 192 పీఎస్‌ఐ, కనీసం 135 ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. కొలతలన్నీ బాగుండి, గేజు ముల్లు కూడా నిలకడగా ఉండి, స్టీరింగు మాత్రమే వణుకుతుంటే ఇంజన్ మౌంటు రబ్బర్లు చితికిపోయి ఉంటాయి.

వాక్యూమ్ తక్కువగా ఉండి, లీకు ఎక్కడా దొరకకపోతే టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పిందేమో చూడాలి. మీకు ముందు ఈ బండి ఉన్నాయన కొత్త బెల్టు వేయించి ఉంటే ఇది తప్పకుండా చూడండి. రెండు క్యామ్ పుల్లీల ఐ, ఈ గుర్తుల మధ్య 19 పళ్లు ఉండాలి. కవర్ తీసినప్పుడే క్రాంక్ పుల్లీ ముందు భాగంలో గాడులు లెక్కపెట్టండి. మొదటి రెండేళ్ల బండ్లలో నాలుగు గాడుల పొట్టి ముక్కు క్రాంక్ ఉండేది. దాని కీ (పుల్లీని క్రాంక్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) అరిగి పుల్లీ ఆడి, టైమింగ్ దానంతటదే జారిపోతుంది. మీది 1992 కాబట్టి ఎనిమిది గాడులే ఉండాలి. ఇంజన్ ఎప్పుడైనా పాతదానితో మార్చి ఉంటే మాత్రం నాలుగు కనిపించవచ్చు. అప్పుడు పుల్లీని చేత్తో పట్టి ఊపి చూడండి. ఏ మాత్రం ఆడినా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా, ఆ క్రాంక్ సంగతి తెలిసిన మెకానిక్‌కి చూపించండి.